తిరిగొచ్చిన తేదీ

నెలకోసారి రాణి నరసాపురం వచ్చేది. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి, గోదావరి దాటి ఇవతల దిగి, చేపల కంపెనీ ఆఫీసుదాకా ఎండలోనే నడిచేది. కౌంటరు దగ్గర నిలబడి, లోపల కంప్యూటరు ముందున్న నాగేశ్వరప్రసాద్‌ని ఒక్కటే మాట అడిగేది.

“ఉందాండీ?”

ప్రసాద్ మానిటరు ఆవిడ వైపు తిప్పేవాడు. ట్రిప్పు నంబరు, బోటు పేరు, డ్రైవరు త్రిమూర్తులు, బయలుదేరిన తేదీ, చివర్న పచ్చరంగులో రెండు ఇంగ్లీషు మాటలు. ఆ మాటలకి బోటు సముద్రంలో ఉందని అర్థం. రాణికి ఇంగ్లీషు రాదు గానీ ఆ పచ్చ అక్షరాలు ఎలా ఉంటాయో బాగా తెలుసు. అవి ఉన్నాయని చూసుకుని, “ఆయ్, వస్తానండి” అని వెనక్కి తిరిగేది. ఇలా రెండున్నరేళ్ళు గడిచాయి.

త్రిమూర్తులు ఆవిడ భర్త. ఓ కార్తీకమాసంలో, క్షీరాబ్ది ద్వాదశినాటి పొద్దున్నే కంపెనీ బోటు తీసుకుని నలుగురు కలాసీలతో వేటకెళ్ళాడు. వారం తిరక్కుండా వాయుగుండం పట్టింది. హెలికాప్టరు తిరిగింది, పెద్ద పడవలు తిరిగాయి, ఒక నీలం డ్రమ్ము దొరికింది. అది ఆ బోటుదే అనడానికి దాని మీద పేరేం రాసి లేదు. మిగతా నలుగురి ఇళ్ళవాళ్ళూ ఏడాది ఎదురుచూసి, ఎవరికి తోచిన అమావాస్యనాడు వాళ్ళు దర్భబొమ్మకి నిప్పుపెట్టి కర్మ కానిచ్చారు. త్రిమూర్తులు తల్లి అచ్చాయమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

“కంపెనీ కంప్యూటర్లో నా కొడుకు సముద్రం మీదే ఉన్నాడంట. కంపెనీవోళ్ళకన్నా మీకెక్కువ తెలుసేంటి?” అని నచ్చచెప్పడానికి వచ్చినవాళ్ళ నోళ్ళు మూయించేది. ముసలావిడ పట్టుదల ముందు కోడలి బొట్టూ, మట్టెలూ, మెడలో సూత్రాలూ ఎక్కడివక్కడ ఉండిపోయాయి. శుభకార్యాలకి పిలిచేవాళ్ళు పిలవాలో వద్దో తేల్చుకోలేక, చివరికి పిలవడమే మానేశారు.

ఆఫీసులో మటుకు ప్రసాద్‌కి మంచి పేరొచ్చింది. నెలాఖరు వచ్చేసరికి సాఫ్ట్‌వేరు ‘ఈ ట్రిప్పు ఇంకా మూయలేదు’ అని గొణిగేది. ప్రసాద్ ‘తర్వాత’ అన్న బటన్ నొక్కి ఊరుకునేవాడు. ముప్ఫై నెలలు, ముప్ఫై సార్లు. “మనవాడిది వెన్నలాంటి మనసు” అని ఓనరు వీరవెంకటసత్యనారాయణ గారే నలుగురిలో అన్నారు.

వెన్నా లేదు, పెరుగూ లేదు. ఆ ట్రిప్పుకి రెండో పేజీ ఒకటుంది. రిమార్కుల పేజీ. దాన్ని ప్రసాద్ ఎన్నడూ ఎవరి వైపూ తిప్పలేదు.

మనిషిది పెనుగొండ. అన్నదమ్ములు అమ్మవారి గుడి వీధిలో బట్టలకొట్టు చూసుకుంటుంటే, ఇతను బేరం చేయడం చేతకాక ఇరవై రెండేళ్ళ కిందట ఈ కంపెనీలో చేరాడు. బేరం రాదు గానీ రాయడం వచ్చు. ఎవరు ఫోన్ చేసినా, ఏ బోటుకి బోల్టు ఊడినా, వెంటనే రిమార్కుల్లో ఎక్కించాల్సిందే. ఆ అలవాటే అతని కొంప ముంచింది.

బోటు వెళ్ళిన నాలుగో రోజు కార్తీక పౌర్ణమి. ఓనరుగారు కుటుంబంతో అన్నవరం కొండమీద వ్రతంలో కూర్చున్నారు, ఫోన్ కట్టేసి ఉంది. పదకొండింటికి ఆఫీసు ల్యాండ్‌లైన్ మోగింది.

“ప్రసాద్ గారండీ, నేను త్రిమూర్తుల్నండి. సిగ్నల్ అందేదాకా ఒడ్డుకేసి వచ్చి మాట్లాడుతున్నానండి. ఇంజను ఏదో తేడాగా మోగుతుందండి. గాలి కూడా తిరిగింది. వచ్చేమంటారా?”

రమ్మంటే సరిపోయేది. కానీ తీసుకెళ్ళిన ఐసు సగం కూడా వాడకుండా బోటు వెనక్కొస్తే, సాఫ్ట్‌వేరులో కారణం రాయాలి. కారణం రాస్తే ఓనరుగారి రిపోర్టులో ఆ వరస ఎర్రగా వస్తుంది. ‘ఎవర్నడిగి రమ్మన్నావయ్యా’ అని ఆయన అంటారు. ప్రసాద్ ఆ మాట పడటానికి భయపడ్డాడు. ఇంతకన్నా పెద్ద కారణం ఏమీ లేదు.

“ఓనరుగారు లేరు త్రిమూర్తులూ. ఐసు సగం ఉంది గదా. ఇంకో రెండ్రోజులు చూసుకుని రా.”

“సరేనండి” అన్నాడు త్రిమూర్తులు.

ప్రసాద్ ఫోన్ పెట్టేసి, అలవాటు ప్రకారం రిమార్కుల్లో టైపు చేశాడు: ‘11.05కి డ్రైవరు ఫోన్. ఇంజన్ శబ్దం, గాలి. వస్తానన్నాడు. ఐసు ఉంది, ఉండమని చెప్పాను.’ దాని కింద అతని పేరు, తేదీ, సాఫ్ట్‌వేరు తనంతట తానే వేసుకుంది.

తరవాత విచారణకి వచ్చినవాళ్ళు లైఫ్ జాకెట్లెన్ని, లైసెన్సేది, చివరిగా ఎప్పుడు మాట్లాడారని అడిగారు. బయలుదేరిన రోజేనని ఓనరుగారు చెప్పారు. ఆయనకి అంతే తెలుసు. ప్రసాద్ పక్కనే నిలబడి తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. ట్రిప్పు మూయాలంటే రెండో పేజీ మీద కూడా సంతకం పెట్టి పై వాళ్ళకి పంపాలి. అందుకే మూయలేదు. రాణి కోసం తెరిచి ఉంచానని మొదట్లో నలుగురికీ చెప్పాడు. చెప్పగా చెప్పగా అతనే నమ్మేశాడు.

అలా ఎన్నాళ్ళు సాగేదో గానీ, ఈ ఏడు కంపెనీ సాఫ్ట్‌వేరంతా క్లౌడ్‌లోకి మార్చాలని ఓనరుగారి అల్లుడు పట్టుబట్టాడు. ఏసీ గదిలో కుయ్యోమంటున్న పాత సర్వరు తీసేస్తారట. బోట్లు, ఐసు ఫ్యాక్టరీ, జీతాలు, సరుకు, అన్నీ ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లలోకి ఎక్కుతాయి, ఫోన్‌లోనే చూసుకోవచ్చట. మబ్బుల్లో పెడితే వానకి తడవవా అన్న జోకు ఆఫీసులో ప్రతివాళ్ళూ ఒకసారి వేసేశారు. ప్రసాద్ కూడా వేశాడు. ముహూర్తం మే నెలలో పెట్టారు. వేట నిషేధం కాలం కాబట్టి బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, తెరిచిన ట్రిప్పంటూ ఒక్కటీ ఉండదు.

ఆ పని చూడటానికి హైదరాబాదు నుంచి పూజిత అనే అమ్మాయి వచ్చింది. మర్యాదస్తురాలు, పని రాక్షసి. బుధవారంనాడు ల్యాప్‌టాప్ పట్టుకుని ప్రసాద్ దగ్గరికి వచ్చింది.

“సార్, బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయన్నారు కదా? ఒకటి సముద్రంలో చూపిస్తోంది.”

ప్రసాద్ జరిగింది చెప్పాడు. అంటే, మొదటి పేజీలో ఉన్నంత మటుకే చెప్పాడు.

ఆ అమ్మాయి “అయ్యో” అంది. తరవాత నెమ్మదిగా, “తెరిచి ఉన్న ట్రిప్పు కొత్తదాంట్లోకి రాదు సార్. తిరిగొచ్చిన తేదీ వేసి మూయాలి. అది లేకపోతే తీసుకోదు. ఈ ఒక్కదానికీ పై సంతకాలు అక్కర్లేదని పర్మిషన్ తీసుకుంటాను. మీకు కష్టంగా ఉంటే చెప్పండి, ట్రిప్పు మొత్తం నేనే వెనకనుంచి తీసేస్తాను. ఏ పేజీ మిగలదు” అంది.

ఆ మాటతో ప్రసాద్ పని ఇట్టే అయిపోయేది. చెయ్యి తడవకుండా బయటపడేవాడు. కానీ ఈసారి రాణి వచ్చి ‘ఉందాండీ’ అంటే ఏం తిప్పి చూపిస్తాడు? అసలు అలాంటి బోటే వెళ్ళలేదని చూపిస్తాడా? అంత పని అతనివల్ల కాలేదు.

“వద్దమ్మా. వాళ్ళావిడని పిలిచి, చెప్పి మూస్తాను.”

“శనివారం నాలుగింటికి లాక్ చేస్తాం సార్. తరవాత ఎవరూ మార్చలేరు” అంది పూజిత.

శనివారం మధ్యాహ్నం రాణి వచ్చింది. వేట లేదు గనక ఆవిడ చేసే ఎండుచేపల పని కూడా లేదు. ఉతికిన చీర కట్టుకుంది. ప్రసాద్ ఆవిణ్ణి మొదటిసారి లోపలికి పిలిచి కుర్చీ వేశాడు. కుర్చీ వేయడంతోనే ఆవిడకి సగం తెలిసిపోయింది. క్లౌడ్ సంగతి, తెరిచిన ట్రిప్పు సంగతి అతను తడబడుతూ చెప్పుకొచ్చాడు. గోల పెడుతుందేమో, ముసలావిణ్ణి తీసుకొస్తుందేమో అని అన్నిటికీ సిద్ధపడి ఉన్నాడు. రాణి అంతా విని, ఒళ్ళో చేతులు పెట్టుకుని అడిగింది.

“ఏ తేదీ వేస్తారండి?”

ప్రసాద్‌కి అర్థం కాలేదు.

“కర్మ చేయించే అయ్యగారు రెండేళ్ళనించి తిథి అడుగుతున్నారండి. పోయిన రోజేదో తెలియకుండా ఎవరికని పెట్టను అంటారు. అమావాస్యకి పెట్టేద్దామంటే మా అత్తయ్య గుమ్మానికి అడ్డంగా పడుకుంటది. కంపెనీవోళ్ళు తేదీ రాస్తే ఒప్పుకుంటానని మొన్నే అందండి. ఆవిడా అలిసిపోయింది. మీరు రాసిందే మాకు తిథి.”

ప్రసాద్ చేతులు కీబోర్డు మీదనుంచి వాటంతట అవే వెనక్కొచ్చాయి. సాఫ్ట్‌వేరులో ఖాళీ గడి నింపడానికి పిలిచాడు గానీ, ఒక మనిషి ఏ రోజు పోయాడో తన చేత రాయిస్తారని అనుకోలేదు.

“నువ్వే చెప్పు తల్లీ” అన్నాడు. అమావాస్య అంటుందని ఆశపడ్డాడు. అది పౌర్ణమి తరవాతది, రెండో పేజీతో ఏ గొడవా లేకుండా పోతుంది.

రాణి చాలాసేపు స్క్రీన్ మీది పచ్చ అక్షరాలనే చూసింది.

“ఆయన ఆకలికి ఆగలేడండి. పూట దాటితే చెయ్యి వణికేది. ఇన్నాళ్ళూ నాకదే దిగులండి. ఎన్నాళ్ళున్నాడో. తాగే నీళ్ళు ఎప్పుడైపోయాయో. ఎవరైనా వస్తారని చూశాడో ఏమో. పోయాడనేదానికన్నా అదే కోసేస్తుందండి నన్ను. ముద్ద నోట్లో పెట్టుకుంటే అదే గుర్తొస్తది.” కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది. “బయలుదేరిన రోజే వేసెయ్యండి. ద్వాదశి. పొద్దున్నే నా చేతి చద్దన్నం తిని వెళ్ళాడు. ఆ అన్నం అరక్కముందే అయిపోయిందనుకుంటాం. ఆకలేసి ఉండదు గదండీ అప్పటికి?”

“వేసి ఉండదమ్మా” అన్నాడు ప్రసాద్.

తేదీ టైపు చేసి నొక్కాడు. స్క్రీన్ మీద ఎర్ర గీత వచ్చింది. తిరిగొచ్చిన తేదీ తరవాత ఈ ట్రిప్పులో ఇంకో నమోదు ఉంది, కుదరదు అని దాని సారాంశం.

“ఎర్రగా వచ్చిందేంటండి?”

“ఏం లేదమ్మా. పాత ఎంట్రీ ఏదో అడ్డొస్తోంది.”

మానిటరు కొంచెం తన వైపు లాక్కున్నాడు. రెండో పేజీ తెరిచాడు. రెండున్నరేళ్ళ తరవాత తన రాత తను చదువుకున్నాడు. ‘వస్తానన్నాడు’ దగ్గర కళ్ళు ఆగిపోయాయి. బల్లకి అవతల ఆ మనిషి భార్య కూర్చుని ఉంది. చెప్పేయొచ్చు. చెప్తే ద్వాదశి పోతుంది, ఆవిడ అడిగిన ఆ ఒక్క ఊరటా పోతుంది. చెప్పకపోతే ఆవిడకి మేలు. తనకీ మేలు. రెండో మేలు గుర్తొచ్చింది, అయినా వేలు ఆగలేదు. ఆ వరస చెరిపేశాడు. మళ్ళీ తేదీ నొక్కాడు. ఈసారి సాఫ్ట్‌వేరు ఒక్క మాట అనకుండా తీసుకుంది. పచ్చ అక్షరాలు పోయి బూడిదరంగువి వచ్చాయి. ప్రయాణం: సున్నా రోజులు.

పక్క గదిలోంచి పూజిత కేకేసింది. “వచ్చేసింది సార్! ఇంకేం పెండింగ్ లేవు. లాక్ చేసేస్తున్నాను.”

రాణి లేచి రెండు చేతులూ జోడించింది. “మిమ్మల్ని చూసుకునే ఇన్నాళ్ళు నిలబడ్డామండి. ఎవరిదో కంపెనీ, మీకేం పని చెప్పండి, నెలనెలా నాకు చూపించాలని? సొంత అన్న కూడా ఇంత చెయ్యడు. పెద్దకర్మకి మీరు రావాలండి. మా అత్తయ్య మిమ్మల్ని చూడాలంటది.”

ఆవిడ వెళ్ళాక ప్రసాద్ కుర్చీలో అలాగే కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. ఆ దణ్ణం మాత్రం గొంతుకి అడ్డం పడ్డ ముల్లులా మింగుడుపడలేదు, కక్కడానికీ రాలేదు. అచ్చాయమ్మ ఎదురుగా కూర్చుని, ఆవిడ పెట్టిన మంచినీళ్ళు తాగి, ‘నా కొడుకుని నువ్వు బాగా చూసుకున్నావు బాబూ’ అనిపించుకోవాలి. పది నిమిషాలు కూడా ఓర్చుకోలేకపోయాడు. చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే రేవుకి పరిగెత్తాడు.

పంటు ఇంకా అవతలి ఒడ్డునుంచి వస్తోంది. మోటారు సైకిళ్ళూ, కొబ్బరి బస్తాల ఆటోలూ బారులు తీరి ఉన్నాయి. రాణి రేకుల నీడలో ఒక పక్కగా నిలబడి ఉంది. అతన్ని చూసి కంగారుపడింది.

“ఏమైందండి? తీసుకోలేదా?”

“తీసుకుందమ్మా. అది కాదు.” ఆయాసం తీరకముందే మొదలుపెట్టాడు, తీరితే చెప్పలేనని భయం. పౌర్ణమి, పదకొండు గంటలు, ల్యాండ్‌లైన్, ఇంజను, గాలి. వస్తానన్నాడు. నేనే ఉండమన్నాను. ఎవరూ చెప్పలేదు, నేనే అన్నాను. ఇందాక చెరిపింది అదే. అంతా చెప్పేసి, ఏడుస్తూ, “నన్ను ఏమన్నా అను తల్లీ” అన్నాడు.

రాణి చాలా చిన్న గొంతుతో అడిగింది.

“సిగ్నల్ అందేదాకా వచ్చాడన్నారు గదండీ?”

“వచ్చాడమ్మా.”

“అక్కడికొస్తే అంతర్వేది లైట్‌హౌసు కనపడుద్దండి. ఎప్పుడూ చెప్పేవాడు. లైట్‌హౌసు కనపడితే ఇంటికొచ్చేసినట్టే అని.” ఆవిడ నదివైపు తిరిగింది. “ఇల్లు కనపడేదాకా వచ్చి వెళ్ళాడన్నమాట.”

ప్రసాద్ తల వంచుకున్నాడు.

“ఇప్పుడు మార్చొచ్చాండీ అది?”

“లేదమ్మా. లాక్ అయిపోయింది.”

“ఇందాకే చెప్పి ఉంటే పౌర్ణమి వేయించేదాన్ని. లేదంటే అసలు చెప్పకుండా ఉండాల్సిందండి. ఆ కుర్చీలోంచి ఈ రేవుదాకా వచ్చాను, అంతే. రెండున్నరేళ్ళలో ఆ కాస్త దూరమే నేను సుఖంగా నడిచింది.” గొంతులో కోపం కూడా లేదు. “మీ బరువు మీరు దించుకున్నారు. మంచిదేనండి. మీరు మాత్రం ఎన్నాళ్ళు మోస్తారు?”

పంటు ఒడ్డుకి తగిలింది. బండ్లు ఒకదాని వెనక ఒకటి దిగుతున్నాయి. రాణి సంచీ చంకకి సర్దుకుంది.

“మా అత్తయ్యకి ద్వాదశి అనే చెప్తానండి. ముసలిది, ఆ ఒక్క రోజే ఉండనిద్దాం. మిగతా మూడ్రోజులూ నా దగ్గరుంటాయి.” రెండడుగులు వేసి ఆగింది. “కర్మకి రమ్మన్నాను గదా. రాకండి. ఏమనుకోకండి.”

ఆవిడ పంటు ఎక్కి, జనంలోంచి దారి చేసుకుంటూ అటు చివరికి, సముద్రం ఉన్న వైపుకి వెళ్ళి నిలబడింది. టికెట్లవాడు వచ్చి రెండుసార్లు పిలిచాడు. మూడోసారి భుజం తట్టాక గానీ ఆవిడకి వినపడలేదు.